రెండు దూర నగరాల మధ్య విమాన దూరం: దారం ముక్క నుంచి ట్రాకింగ్ సైటు దాకా, మనమే లెక్కగట్టే పద్ధతి

సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు విమానంలో ఎంత దూరం అని వెతికితే ఒకచోట 15,349 అని, ఇంకోచోట 9,537 అని, మరోచోట 8,288 అని కనిపిస్తుంది. మూడూ సరైనవే. మొదటిది కిలోమీటర్లలో, రెండోది మామూలు మైళ్లలో, మూడోది నాటికల్ మైళ్లలో. అదే దారిలో నిన్న ఎగిరిన విమానం రికార్డు తీసి చూస్తే ఈ మూడింటిలో దేనికీ సరిపోని నాలుగో అంకె ఉంటుంది. అదీ తప్పు కాదు. రేపు మళ్లీ చూస్తే అది మారిపోయి ఉంటుంది.

చాలామంది ఇక్కడే గందరగోళపడి, కంటికి మొదట కనిపించిన అంకెను పట్టుకుని వెళ్లిపోతారు. నిజానికి ఈ లెక్క చాలా తేలిక. ఒక్కసారి చేతులారా చేసి చూస్తే ఆ తర్వాత ఏ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో చూడగానే పోల్చుకోగలుగుతారు. ఈ వ్యాసమంతా సింగపూర్–న్యూయార్క్ జంటనే ఉదాహరణగా పెట్టుకుని నడుస్తుంది. మధ్యలో ఆగకుండా వెళ్లే ప్రయాణికుల విమానాల్లో ప్రపంచంలోకెల్లా పొడవైన దారిగా పేరుపడింది ఇదే. మీకు కావలసిన నగరాలను అదే వరసలో పెట్టుకుని చేసుకోండి.

మొదటి అడుగు: ఏ దూరం కావాలో తేల్చుకోండి

విమాన దూరం అనే మాట కింద రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి, భూమి ఉపరితలం మీద రెండు చోట్ల మధ్య ఉన్న అతి దగ్గరి దారి. ఇది ఎన్నటికీ మారదు, గాలికీ యుద్ధానికీ సంబంధం లేదు. రెండోది, ఒక ఫలానా విమానం ఒక ఫలానా రోజున నిజంగా ఎగిరిన దూరం. ఇది రోజుకొక తీరుగా ఉంటుంది.

మైళ్ల లెక్కన పాయింట్లు ఇచ్చే పథకాలకూ, రెండు నగరాల్లో ఏది దగ్గరని పోల్చడానికీ మొదటిది కావాలి. ఐరోపా సమాఖ్యలో విమానం రద్దయినా బాగా ఆలస్యమైనా ప్రయాణికులకు పరిహారం ఇప్పించే 2004 నాటి 261వ నిబంధన కూడా 1,500, 3,500 కిలోమీటర్ల దగ్గర గీతలు గీసి, ఆ దూరాన్ని అతి దగ్గరి దారి పద్ధతిలోనే కొలవాలని చెబుతుంది. ఎన్ని గంటలు కూర్చోవాలి, ఎంత ఇంధనం ఖర్చవుతుంది అన్న ప్రశ్నలకు మాత్రం రెండోది కావాలి. మీ ప్రశ్న ఏదో ముందే తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

రెండో అడుగు: నగరం పేరు చాలదు, విమానాశ్రయం కావాలి

దూరాలు చూపించే సైట్లలో చాలావరకు నగరం నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు కొలుస్తాయి. విమానం మాత్రం రన్‌వే నుంచి రన్‌వేకు ఎగురుతుంది. హనేడా, నారిటా విమానాశ్రయాలు రెండూ టోక్యోవే, కానీ వాటి మధ్యే దాదాపు 60 కిలోమీటర్లు ఉంది. లండన్‌కు హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ, సౌత్ఎండ్ అని ఆరున్నాయి. దూర ప్రయాణంలో ఈ తేడా పెద్ద లెక్కలోకి రాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకూ, పక్కనున్న న్యూవార్క్‌కూ ఉన్న తేడా అయిదారు కిలోమీటర్లే. అయినా మొదటినుంచీ విమానాశ్రయం పేరుతోనే చూడటం అలవాటు చేసుకోండి. లేకపోతే రెండు సైట్లు రెండు అంకెలు చూపినప్పుడు కారణం అంతుపట్టదు.

అసలు ప్రమాదం ఒకే పేరున్న ఊళ్లతో. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఉంది, కెనడాలోని నోవా స్కోషియాలోనూ సిడ్నీ ఉంది, రెండింటికీ విమానాశ్రయాలున్నాయి. శాన్ హోసే అంటే కాలిఫోర్నియాలోదీ కావచ్చు, కోస్టారికా రాజధానీ కావచ్చు. ప్రయాణికుల విమానాలు నడిచే విమానాశ్రయాలకు మూడక్షరాల కోడ్ ఉంటుంది, టికెట్ మీదా లగేజీ చీటీ మీదా అదే కనిపిస్తుంది. వెతికేటప్పుడు పేరు బదులు ఆ కోడ్ కొడితే ఈ పొరపాటుకు తావుండదు.

మూడో అడుగు: లెక్కకు ముందు దారంతో ఒకసారి

గ్లోబు దొరికితే ఈ అడుగు వదలొద్దు. ఫార్ములా చెప్పలేనిదాన్ని దారం రెండు నిమిషాల్లో చెబుతుంది.

సాగని సన్నటి దారం తీసుకోండి. ఒక కొసను సింగపూర్ మీద బొటనవేలితో నొక్కి పట్టండి. రెండో కొసను న్యూయార్క్ మీద వదులుగా ఆనించండి. గోడ పటం చూసి అలవాటైన కన్ను దారాన్ని పసిఫిక్ మీదుగానో, హిందూ మహాసముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగానో అడ్డంగా పరుస్తుంది. ఇప్పుడు న్యూయార్క్ దగ్గరి కొసను మెల్లగా లాగి బిగించండి. దారం అక్కడ నిలవదు. వేలి కింద జారుతూ ఉత్తరానికి పాకుతుంది. పూర్తిగా బిగిసేసరికి థాయిలాండ్, చైనా, మంగోలియా, సైబీరియా మీదుగా నిట్టనిలువుగా పైకి వెళ్లి, గ్లోబు ఇరుసు మేకును దాదాపు తాకుతూ, అవతలి వైపు కెనడా మీదుగా న్యూయార్క్‌కు దిగుతుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు నేను దారం తీసి మళ్లీ పెట్టి చూశాను. మళ్లీ అక్కడికే వెళ్లింది.

బిగించిన దారం పడుకునే ఆ గీతనే మహావృత్తం అంటారు. భూగోళాన్ని దాని కేంద్రం గుండా సరిగ్గా రెండు చెక్కలుగా కోస్తే ఆ కోత అంచు ఎలా ఉంటుందో, ఈ గీత ఆ అంచులో ఒక ముక్క. గోళం మీద రెండు బిందువుల మధ్య ఇంతకన్నా దగ్గరి దారి ఉండదు.

దారం మీద రెండు కొసల దగ్గరా గుర్తు పెట్టి స్కేలుతో కొలవండి. గ్లోబు వ్యాసం 30 సెంటీమీటర్లయితే దాని చుట్టుకొలత 94 సెంటీమీటర్ల పైచిలుకు. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. అంటే ఒక సెంటీమీటరుకు సుమారు 425 కిలోమీటర్లు. సింగపూర్–న్యూయార్క్ దారం దగ్గర దగ్గర 36 సెంటీమీటర్లు వస్తుంది. 36ను 425తో గుణిస్తే 15,300. అసలు జవాబుకు యాభై కిలోమీటర్ల దూరంలోకి వచ్చేశాం, అదీ దారం ముక్కతో.

గోడ పటం ఎందుకు దారి తప్పిస్తుందో కూడా ఇక్కడే తెలుసుకోవాలి. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలోని పటాల్లో ఉత్తరానికి పోయేకొద్దీ నేల సాగిపోతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర దూరాలు భూమధ్యరేఖ దగ్గరి కొలతతో పోలిస్తే రెట్టింపుగా కనిపిస్తాయి. ఫిన్లాండ్‌లోని హెల్సింకీ, అలాస్కాలోని యాంకరేజ్ రెండూ ఇంచుమించు 60, 61 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, భూగోళానికి దాదాపు ఎదురెదురు వైపుల ఉన్నాయి. పటం మీద అడ్డంగా గీసిన తిన్నని గీత వెంట వెళ్తే సుమారు 9,500 కిలోమీటర్లు. ధ్రువం పక్కగా వెళ్తే సుమారు 6,500. మూడు వేల కిలోమీటర్ల తేడా, కేవలం పటాన్ని నమ్మినందుకు.

నాలుగో అడుగు: అక్షాంశ రేఖాంశాలు సరిగ్గా రాసుకోండి

లెక్క తప్పేది ఫార్ములాలో కాదు, ఇక్కడ.

జేఎఫ్‌కే విమానాశ్రయం ఉన్నచోటు 40 డిగ్రీల 38 నిమిషాల 23 సెకన్ల ఉత్తర అక్షాంశం, 73 డిగ్రీల 46 నిమిషాల 44 సెకన్ల పశ్చిమ రేఖాంశం. దీన్ని 40.38 అని రాసుకుంటే తప్పు. నిమిషాలను 60తో, సెకన్లను 3,600తో భాగించి డిగ్రీలకు కలపాలి. 38ను 60తో భాగిస్తే 0.633, 23ను 3,600తో భాగిస్తే 0.006. మొత్తం 40.64. అదే లెక్కన రేఖాంశం 73.78. సింగపూర్ ఛాంగీ విమానాశ్రయానికి 1.36 ఉత్తరం, 103.99 తూర్పు. రెండు దశాంశాలు చాలు. డిగ్రీలో నూరో వంతు అంటే కిలోమీటరు పైచిలుకే, ఇంత దూరంలో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కంప్యూటర్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి రన్‌వే మీద రైట్ క్లిక్ చేస్తే ఈ అంకెలు దశాంశాల్లోనే దొరుకుతాయి.

ఇప్పుడు గుర్తుల సంగతి. ఉత్తరానికి ప్లస్, దక్షిణానికి మైనస్. తూర్పుకు ప్లస్, పశ్చిమానికి మైనస్. కాబట్టి న్యూయార్క్ రేఖాంశం మైనస్ 73.78. మొదట్లో ఒకసారి ఈ మైనస్ పెట్టడం మరిచిపోయాను. జవాబు సుమారు 5,320 కిలోమీటర్లు వచ్చింది. అంకె చూస్తే మామూలుగానే ఉంది, అందుకే వెంటనే అనుమానం రాలేదు. 40.64 ఉత్తరం, 73.78 తూర్పు ఎక్కడని పటంలో వెతికితే కిర్గిజిస్తాన్ కొండల్లో తేలింది. అప్పటినుంచీ లెక్కకు ముందు రెండు జతల అంకెలనూ పటంలో కొట్టి, గుర్తు సరైన రన్‌వే మీద పడిందో లేదో చూసుకున్నాకే ముందుకు వెళ్తున్నాను. మీరూ అలాగే చేయండి, అర నిమిషం పని.

అయిదో అడుగు: లెక్క

సైన్, కొసైన్ బటన్లున్న కాలిక్యులేటర్ చాలు. అది డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. 60కి కొసైన్ నొక్కితే 0.5 రావాలి, రాకపోతే మోడ్ మార్చాలి.

రేఖాంశాల తేడా తీయండి. 103.99లోంచి మైనస్ 73.78 తీసేస్తే 177.77 డిగ్రీలు. ఇది 180కి ఇంత దగ్గరగా ఉందంటేనే రెండు నగరాలూ భూగోళానికి ఎదురెదురు వైపుల ఉన్నాయని, దారి ధ్రువం పక్కనుంచి పోతుందని అర్థం. దారం చూపించింది ఇదే.

రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. 0.02373 × 0.65130 = 0.01546.

రెండు అక్షాంశాల కొసైన్‌లనూ, రేఖాంశాల తేడా కొసైన్‌నూ గుణించండి. 0.99972 × 0.75882 × మైనస్ 0.99924 = మైనస్ 0.75803.

రెండింటినీ కలపండి. మైనస్ 0.74257 వస్తుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ అంకె మైనస్‌లో ఉంటే దూరం భూమి చుట్టుకొలతలో పావు వంతు కంటే, అంటే 10,000 కిలోమీటర్ల కంటే ఎక్కువ. ప్లస్‌లో ఉంటే తక్కువ. నేను మైనస్ మరిచిపోయినప్పుడు వచ్చింది ప్లస్. ఈ చిన్న పరీక్ష అప్పుడు తెలిసి ఉంటే తప్పు అక్కడికక్కడే దొరికేది.

దీనికి విలోమ కొసైన్ (కాలిక్యులేటర్ మీద cos⁻¹ అని ఉండే బటన్) తీయండి. 137.95 డిగ్రీలు. భూమి కేంద్రం నుంచి చూస్తే రెండు నగరాల మధ్య ఉన్న కోణం ఇదే.

ఆ కోణాన్ని 111.195తో గుణించండి. 15,339 కిలోమీటర్లు.

ఆ 111.195 ఎక్కణ్నుంచి వచ్చిందంటే, భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు, దాని చుట్టుకొలతను 360తో భాగిస్తే ఒక డిగ్రీకి వచ్చే దూరం అంత. స్ప్రెడ్‌షీట్‌లో చేస్తే డిగ్రీలను ముందుగా రేడియన్లలోకి (కోణాన్ని కొలిచే ఇంకో యూనిట్) మార్చి, చివరి కోణాన్ని నేరుగా 6,371తో గుణించాలి. ఒకే విమానాశ్రయంలోని రెండు రన్‌వేల మధ్యలాంటి మరీ చిన్న దూరాలకు హావర్‌సైన్ అనే ఇంకో రూపం నయం. దూర నగరాలకు ఇప్పుడు చేసింది చాలు.

వచ్చిన జవాబుకు ఇంకో పరీక్ష. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా అతి దగ్గరి దారి దాదాపు 20,000 కిలోమీటర్లు మించదు. అంతకన్నా ఎక్కువ వస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే.

పదిహేను వేల మూడు వందల నలభై తొమ్మిదికీ మన లెక్కకూ తేడా ఎందుకు?

మనకు వచ్చింది 15,339, ప్రచారంలో ఉన్నది 15,349. పది కిలోమీటర్ల తేడా మన తప్పు కాదు. భూమి అచ్చమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. జీపీఎస్ వాడేది ఈ అణిగిన ఆకారాన్నే. దాని మీద దూరం లెక్కగట్టే పద్ధతిని విన్సెంటీ 1975లో ప్రచురించాడు. సైట్లు ఆయన పద్ధతినో, తర్వాత వచ్చిన ఇంకా మెరుగైన పద్ధతులనో వాడతాయి. గోళం లెక్కలో పొరపాటు గరిష్ఠంగా అర శాతం దాకా ఉండొచ్చు. చేత్తో చేసే పనికి అది సమ్మతమే.

సరిచూసుకోవడానికి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటు ఉంది. రెండు విమానాశ్రయాల కోడ్‌ల మధ్య అడ్డగీత పెట్టి కొడితే దూరం, పటం మీద వంపు గీత రెండూ చూపిస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే సాధనం కూడా మహావృత్తం వెంటే కొలుస్తుంది. పటం మీద దాని గీత వంగి కనిపిస్తే కంగారు పడకండి. వంగింది పటం, గీత కాదు.

ఏ మైలు?

వైమానిక రంగంలో మైలు అంటే నాటికల్ మైలు, సరిగ్గా 1,852 మీటర్లు. రోడ్డు మైలు 1,609 మీటర్లు. నాటికల్ మైలుకు ఒక అందం ఉంది. ఒక డిగ్రీలో 60 నిమిషాలు, ఒక్కో నిమిషానికి ఒక నాటికల్ మైలు. మన 137.95ను 60తో గుణిస్తే 8,277 వస్తుంది, అసలు దూరం 8,288కి ఇంత దగ్గర. కిలోమీటర్లను 0.54తో గుణిస్తే నాటికల్ మైళ్లు, 0.62తో గుణిస్తే రోడ్డు మైళ్లు. యూనిట్ రాయని అంకెను ఎక్కడ చూసినా నమ్మకండి. ఈ రెండు మైళ్ల మధ్య తేడా 15 శాతం, ఇంత దూరంలో అది వెయ్యి మైళ్ల పైమాట.

ఆరో అడుగు: విమానం నిజంగా ఎగిరే దూరం

ఇక్కడినుంచి లెక్క కాగితం వదిలి ఆకాశంలోకి వెళ్తుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

అతి దగ్గరి దారిని ఏ విమానమూ అచ్చంగా పట్టుకుని పోదు. బయలుదేరేటప్పుడు గాలికి ఎదురుగా ఉన్న రన్‌వే మీదనుంచి లేచి, చుట్టు తిరిగి దారికి రావాలి. దిగేటప్పుడు వరసలో నిలబడాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన కర్బన ఉద్గారాల కాలిక్యులేటర్‌లో దీనికోసం ఒక సర్దుబాటు పెట్టింది. మహావృత్త దూరం 550 కిలోమీటర్ల లోపైతే 50, 550 నుంచి 5,500 మధ్యయితే 100, అంతకు మించితే 125 కిలోమీటర్లు కలుపుతుంది. చేతి లెక్కకు మొదటి మెట్టుగా మీరూ ఇదే వాడండి. మనకు 15,349కి 125 కలిపితే 15,474.

కానీ చాలా దూరపు దారుల్లో అసలు తేడా దీనికి ఎన్నో రెట్లుంటుంది. కారణాలు నాలుగు.

అన్నిటికన్నా పెద్దది గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో, మధ్య అక్షాంశాల మీద, జెట్ స్ట్రీమ్ అనే గాలి నది పడమర నుంచి తూర్పుకు పరుగెడుతుంది. ఆ నదిలో వెనక గాలి దొరికితే, దూరం పెరిగినా చుట్టు తిరిగి వెళ్లడమే లాభం. ఎయిరిండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానం దీనికి చక్కటి ఉదాహరణ. ఆ రెండు నగరాల మధ్య అతి దగ్గరి దారి 12,400 కిలోమీటర్ల లోపే. మొదట అట్లాంటిక్ మీదుగా ఎగిరే ఆ విమానాన్ని 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా మళ్లించారు. అలా సుమారు 15,300 కిలోమీటర్లు ఎగిరి పద్నాలుగున్నర గంటల్లో చేరింది. పాత దారి కంటే దూరం ఎక్కువ, సమయం తక్కువ. 15,300ను 14.5తో భాగించి చూడండి, గంటకు 1,055 కిలోమీటర్లు. విమానం తన బలంతో వెళ్లేది 900 చుట్టుపక్కలే, మిగతాది గాలి ఇచ్చింది. సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానం కూడా ధ్రువం వైపు పోకుండా తరచూ పసిఫిక్ మీదుగా తూర్పుకు తిరిగేది ఇందుకే.

రెండోది, మూసేసిన గగనతలం. హెల్సింకీ నుంచి టోక్యోకు మహావృత్తం 7,830 కిలోమీటర్లు, దాదాపు అంతా రష్యా మీదుగా. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఐరోపా సంస్థల విమానాలకు రష్యా గగనతలం మూతపడ్డాక సుమారు 9 గంటల ఆ ప్రయాణం 13 గంటలైంది. ఫిన్‌ఎయిర్ విమానాలు ఒక్కోసారి ఉత్తర ధ్రువం మీదుగా, ఒక్కోసారి దక్షిణంగా మధ్య ఆసియా మీదుగా చుట్టి వెళ్లాల్సి వచ్చింది. అదే సంస్థ 1983లో టోక్యోకు ఆగకుండా ఎగరడం మొదలుపెట్టినప్పుడు కూడా సోవియట్ నేలను తప్పించుకుని ధ్రువం మీదుగానే ఎగిరింది. నగరాలు కదల్లేదు, మహావృత్తం కదల్లేదు, దూరం మాత్రం పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగింది.

మూడోది, రెండింజన్ల విమానాలకున్న నియమం. ఒక ఇంజన్ ఆగిపోతే రెండో ఇంజన్‌తో నిర్ణీత నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలిగే దారిలోనే ఎగరాలి. ఆ అనుమతి ఒక్కో విమానానికి ఒక్కో తీరు, 180 నిమిషాలు చాలా చోట్ల కనిపించేది. విమానాశ్రయాలు అరుదుగా ఉండే దక్షిణార్ధగోళపు సముద్రాల మీద ఇది దారిని వంచుతుంది.

నాలుగోది, ఎత్తైన నేల. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానం మూడు వేల మీటర్ల దాకా దిగిపోవాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర వేల మీటర్లు. దిగడానికి చోటు లేనిచోట మామూలు విమానాలు ఎగరకుండా పక్కగా పోతాయి.

కాబట్టి ఎగిరిన దూరం తెలియాలంటే ఊహ పనికిరాదు, చూడాలి. ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి ట్రాకింగ్ సైట్లలో విమానం నంబరు కొట్టి గడిచిన రోజుల ప్రయాణాలు తెరవండి. ఒక్క రోజు చూసి వదిలేయకండి. పది రోజులవి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే దారి ఎలా అటూ ఇటూ జరుగుతోందో కనిపిస్తుంది. ఉత్తర అట్లాంటిక్ మీదైతే దారుల వరసలను ఏ రోజుకారోజు గాలిని బట్టి కొత్తగా గీస్తారు, పగలు పడమరకు, రాత్రి తూర్పుకు. సముద్రం మధ్యలో విమానం జాడ అందక సైటు అంచనాగా గీసిన గీత తిన్నగా ఉంటుంది. అక్కడి దూరాన్ని కచ్చితమనుకోకండి.

ఏడో అడుగు: మధ్యలో దిగి మారే ప్రయాణం

ఒక్కో అంచెకు విడిగా దూరం తీసి కలపాలి, అంతే. అయితే మధ్య మజిలీ అంటే దూరం బాగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ప్రతిసారీ అలా కాదు. లండన్ హీత్రో నుంచి సిడ్నీకి మహావృత్తం సుమారు 17,020 కిలోమీటర్లు. సింగపూర్‌లో దిగి వెళ్తే 10,880కి 6,300 కలిపి 17,180. తేడా 160 కిలోమీటర్లే, వందకు ఒక వంతు. సింగపూర్ ఇంచుమించు ఆ దారి మీదే ఉంది మరి. మజిలీని ఎంచుకునేటప్పుడు మహావృత్తం గీత పటంలో గీయించుకుని, దానికి ఏ నగరం దగ్గరో చూడండి. మజిలీలో గడిపే గంటలు వేరే లెక్క.

ఐరోపా పరిహారం విషయంలో మాత్రం కలపకూడదు. ఒకే బుకింగ్‌లో మారే విమానాలకు మొదటి విమానాశ్రయం నుంచి చివరిదాకా నేరు దూరమే లెక్కని ఐరోపా న్యాయస్థానం 2017లో తీర్పు ఇచ్చింది.

ఎనిమిదో అడుగు: దూరాన్ని గంటల్లోకి మార్చడం

పెద్దవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దారి వెతికి పెట్టేటప్పుడు కిలోమీటర్లతో పని లేదు, గంటలే కావాలి. గంటకు 900 కిలోమీటర్లను ఆధారంగా పెట్టుకుని, తూర్పుకు వెళ్తుంటే 100 కలపండి, పడమరకు వెళ్తుంటే 100 తీసేయండి. ఉత్తర దక్షిణాలకైతే అలాగే ఉంచండి. లేవడానికీ దిగడానికీ అర గంట, విమానం నేలమీద రన్‌వేకూ గేటుకూ మధ్య నడిచేందుకు ఇంకో అర గంట చేర్చండి.

లండన్–న్యూయార్క్ 5,540 కిలోమీటర్లు. పడమరకు 800తో భాగిస్తే 6.9, గంట కలిపితే ఎనిమిది గంటలకు కాస్త తక్కువ. తూర్పుకు 1,000తో భాగిస్తే 5.5, గంట కలిపితే ఆరున్నర. టికెట్ల మీద పడమరకు ఎనిమిది, తూర్పుకు ఏడు గంటల చుట్టుపక్కల రాస్తారు, ఆలస్యానికి కాస్త చోటు వదిలి. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి వెనక నుంచి తోస్తుంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది, సగటున గంటకు 1,120 కిలోమీటర్ల పైన.

అలాంటి రోజును చూసి మీ ప్రయాణాన్ని లెక్కవేయకండి. ట్రాకింగ్ సైట్లో తీసిన పది రోజుల సమయాలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాసి, మధ్యలో ఉన్న రెండింటి సగటు తీసుకోండి. రానూపోనూ విడివిడిగా తీయండి. ఇంకో సంగతి, జెట్ స్ట్రీమ్ చలికాలంలో బలపడుతుంది, వేసవిలో మెత్తబడుతుంది. మీరు జనవరిలో వెళ్లేదుంటే జూలై అంకెలు కాకుండా గత జనవరివే తెరిచి చూడండి.